ఆరు డిగ్రీల నీళ్లు

ఆ ఆదివారం పొద్దున బుచ్చన్న చేపల తొట్టి పంపు దగ్గర నీళ్లు వడగట్టే స్ట్రెయినర్ విప్పి జాలీ కడుగుతుంటే అడుగున ఏవో గింజల్లాంటివి ఏడు కనిపించాయి. మొక్కజొన్న గింజలేమో, ఎవరో పిల్లలు తొట్టిలో వేశారేమో అనుకున్నాడు. అరచేతిలో వేసుకుని లైటు కింద పెట్టి చూశాడు. ఒక్కోటి కొనదేలి, మొదట్లో గుల్లగా, పసుపు తేలిన తెల్లగా ఉంది. అవి పళ్లు. ఆ తొట్టిలో అంతంత పళ్లున్నది ఒక్కదానికే. అందరూ చాచా అని పిలిచే పెద్ద చేపకి.

బుచ్చన్నకి చేతులు చల్లబడ్డాయి. ఆ ఏడింటినీ జేబురుమాల్లో మూటగట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. స్ట్రెయినర్ బిగించి, లాగ్ బుక్‌లో ‘క్లీన్ చేశాను’ అని రాసి సంతకం చేశాడు. పళ్ల సంగతి రాయలేదు.

అల్ ఖోబర్‌లో సముద్రం పక్క రోడ్డు మీద ఉన్న ఒక మాల్‌లో ఆ అక్వేరియం ఉంది. జనం వచ్చేది షార్కుల కోసం, పగడాల మధ్య తిరిగే రంగు చేపల కోసం. అన్నీ దాటి చివరికి వెళ్తే ఒక చిన్న గది, అందులో ఒక్కటే తొట్టి. ఆరువేల లీటర్ల ఉప్పునీరు, రాళ్లతో కట్టిన రెండు గుహలు. ఆ నీళ్లు ఎప్పుడూ ఆరు డిగ్రీల దగ్గర ఉండాలి. ఏడాదిన్నర క్రితం నార్వే నుంచి విమానంలో, చల్లటి నీళ్లు నింపిన పెట్టెల్లో నాలుగు చేపల్ని తెచ్చి అందులో వదిలారు. తోడేలు చేపలని పేరు. ఉత్తరాన మంచు కరిగే సముద్రాల్లో, వెలుతురు సరిగా చేరని లోతుల్లో, రాళ్ల సందుల్లో పడి ఉండే జాతి. గజం పొడవు ఒళ్లు, బూడిద రంగు మీద అడ్డంగా నల్ల చారలు, ముడతలు పడ్డ ముసలి మొహం, బయటికి పొడుచుకొచ్చిన ముందు పళ్లు. ఆ పళ్లతో పీతల్ని, ఆల్చిప్పల్ని పెంకుతో సహా నమిలేస్తాయి. అలా నములుతున్నప్పుడు తప్ప కదలవు. వచ్చిన కొత్తలో ఎలక్ట్రీషియన్ ఇష్తియాక్ అన్నిటికన్నా పెద్దదాన్ని చూసి, సియాల్‌కోట్‌లో మా చిన్నాన్న అచ్చం ఇలాగే ఉంటాడని అన్నాడు. అప్పట్నుంచి దాని పేరు చాచా.

బుచ్చన్న పని ఆ నీళ్లను చల్లగా ఉంచడం. మెట్‌పల్లి దగ్గరి ఊరు. పదో తరగతి తప్పాక కోరుట్లలో ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్లో కూర్చుని పని నేర్చుకున్నాడు. పందొమ్మిదేళ్ల క్రితం సౌదీకి వచ్చాడు. ముందు రాబిగ్‌లో ఒక లేబర్ క్యాంపులో ఏసీలు చూశాడు, తర్వాత దమ్మామ్‌లో చేపల కోల్డ్ స్టోరేజీలో చేశాడు. అక్కడి నుంచి ఇక్కడికి. బయట సెప్టెంబరులో నలభై రెండు డిగ్రీల ఎండ, దానికి తోడు గల్ఫ్ మీంచి వచ్చే ఉక్క. గోడల మీద కూడా నీళ్లు కారతాయి. అలాంటి చోట మిద్దె మీద ఉన్న చిల్లర్ రోజంతా రొప్పుతూ గ్లైకాల్ అనే ద్రవాన్ని చల్లబరుస్తుంది. తొట్టి వెనకే ఉన్న ఒక పంపు ఆ గ్లైకాల్‌ని కిందికి లాగి తిప్పుతుంది. కింద టైటానియం రేకుల పెట్టె ఒకటి ఉంది. రేకుకి ఒక పక్క గ్లైకాల్, ఇంకో పక్క చేపల నీళ్లు నడుస్తాయి. రెండూ కలవవు, చలువ మాత్రం ఇటు నుంచి అటు పోతుంది. రేకుకి చిల్లి పడితే మాత్రం రెండూ కలిసిపోతాయి.

అతన్ని చల్లబరిచిన భయం అదే. అంతకు మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, మిద్దె మీద గ్లైకాల్ డబ్బాలో మట్టం నాలుగు వేళ్లు తగ్గి ఉంది. రెండు క్యాన్లు తెచ్చి పోశాడు. చేతులు జిడ్డుగా ఉన్నాయి, కిందికి వెళ్లాక రాద్దామనుకున్నాడు. కిందికి వెళ్లేసరికి షార్కుల తొట్టి దగ్గర వేరే పని తగిలింది. శుక్రవారం సెలవు, శనివారం గుర్తే రాలేదు. ఇప్పుడు పళ్లు కనబడ్డాయి. తగ్గిన నాలుగు వేళ్ల గ్లైకాల్ ఎటు పోయింది? చేపల నీళ్లలోకే పోయి ఉంటే?

సోమవారం చాచా తిండికి రాలేదు. మామూలుగా పొడుగాటి పటకారుతో పీత ముక్క చూపిస్తే గుహలోంచి సగం ఒళ్లు బయటపెట్టి అందుకునేది. ఆ రోజు గుహ వెనక మూలకి పోయి చుట్టలా ముడుచుకుపడి ఉంది. తోక కొస మాత్రమే కనిపిస్తోంది. తిండి పెట్టే కుర్రాళ్లు రేపు తింటుందిలే అనుకుని వెళ్లిపోయారు. బుచ్చన్న అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నీళ్లు తేటగానే ఉన్నాయి. వాసన లేదు. అయినా తేటగా ఉన్నంత మాత్రాన మంచివని చెప్పగలిగే చదువు తనది కాదు.

మంగళవారం మిద్దె ఎక్కితే మట్టం మళ్లీ రెండు వేళ్లు తగ్గింది. ఈసారి మరుపు వల్ల కాదు, తెలిసే చేశాడు. అటూ ఇటూ చూసి, అర క్యాన్ పోసి, గుడ్డతో తుడిచి, ఖాళీ క్యాను మిగతా చెత్తలో కలిపేశాడు. బుక్‌లో ‘లెవెల్ నార్మల్’ అని రాశాడు.

ఎందుకు రాయలేదని తర్వాత ఎవరడిగినా అతను రాము సంగతి చెప్పేవాడు. రాబిగ్ క్యాంపులో అతని పక్క మంచం రాముది. పక్క ఊరి వాడే. ఒక రోజు అతను వాల్వు మూయడం మరిచిపోతే నీళ్లు గదుల్లోకి పోయాయి. నిజాయితీగా లాగ్ బుక్‌లో తన తప్పని రాశాడు. కాంట్రాక్టు కంపెనీ ఆ ఒక్క పేజీ తీసి పై ఆఫీసుకి పంపింది. పదో రోజున రాము చేతిలో దేశం వదిలి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ కాగితం పెట్టారు. అతన్ని బస్సెక్కించింది బుచ్చన్నే. ఆ రోజు నుంచి బుక్‌లో రాయడమంటే తన మీద తనే ఫిర్యాదు రాసుకోవడమనే భయం అతనిలో ఉండిపోయింది.

ఇంకో కారణం కూడా ఉంది. అక్టోబరు ఒకటి నుంచి అతనికి సెలవు. వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది, దమ్మామ్ నుంచి హైదరాబాద్‌కి టికెట్ కూడా తీశాడు. రెండేళ్లయింది ఇల్లు చూసి. భార్య చిన్నవ్వకి పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఆపరేషన్ చేయించుకోమని కరీంనగర్ డాక్టరు ఎండాకాలంలోనే చెప్పాడు. నువ్వొచ్చినంకనే చేయించుకుంట అని ఆమె మందులతో నెట్టుకొస్తోంది. ఇప్పుడు విచారణ అంటూ మొదలైతే ముందు పోయేది ఆ సెలవే.

ఆ మధ్యాహ్నం చిన్నవ్వ వీడియో కాల్ చేసింది. ఒళ్లో బీడీల చేట ఉంది. మాట్లాడుతూనే ఆకు చుడుతోంది. కాసేపు చూసి చేతులాపింది.

“ఏమైందయ్యా, మొకం గట్ల వెట్టినవ్?”

“ఏం లేదు. పని.”

“పని రోజూ ఉంటది. మొకం రోజూ గిట్ల ఉండది.”

చేపలకి బాగాలేదని చెప్పాడు. ఎవరి చేపలు అని అడిగింది. కంపెనీవి అన్నాడు. కంపెనీ చేపలకి బాగలేకపోతే నీకేమని అడగబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. కూతురు స్వర్ణకి కాలేజీలో ఏదో పరీక్ష ఉందని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ రోజు బుచ్చన్న తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే గదికి తిరిగి తీసుకెళ్లాడు.

బుధవారం పొద్దున ల్యాబుకి వెళ్లాడు. నీళ్ల పరీక్షలు చూసేది సుజిత. కాకినాడ అమ్మాయి. విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రం చదివింది. భర్త శాంసన్‌ది ధహ్రాన్‌లో ఉద్యోగం. తెలుగువాళ్లని ఇద్దరూ మొదటి నుంచీ బాగానే మాట్లాడుకునేవారు గానీ ఆమె ఆఫీసు మనిషి, అతను మెయింటెనెన్స్ మనిషి. ఆ దూరం ఎప్పుడూ ఉండేది. ఆమె గాజు గొట్టాలు వరసగా పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. అతను జేబురుమాలు విప్పి బల్ల మీద పరిచాడు.

“మేడం, నేనొకటి దాసిన.”

ఆమె పళ్ల వైపు చూసి అతని వైపు చూసింది.

“గ్లైకాల్ తక్కువైంది. రెండుసార్లు పోసిన. బేస్తారం ఒకసారి, నిన్న ఒకసారి. బుక్కుల రాయలే. నిన్నయితే నార్మల్ అని రాసిన. అబద్ధం.”

“ఆదివారం పళ్లు దొరికితే బుధవారం చెప్తారా బుచ్చన్న గారూ?”

“చేపలు సస్తే నన్ను పంపుతరు మేడం. గా సంగతి నాకెరుకే. కాని దాని పండ్లు నా చేతిలోనే వడ్డయి. నిన్నటి సంది బువ్వ దిగుతలేదు.”

సుజిత రాస్తున్న పెన్ను మూసి పక్కన పెట్టింది. ఆమెకి కోపం వచ్చిందని బుచ్చన్నకి అర్థమైంది. తర్వాత కుర్చీలోంచి లేచి, “ఎందుకు రాయలేదో తర్వాత మాట్లాడుకుందాం. ముందు నీళ్లు చూద్దాం రండి” అంది.

తొట్టి నీళ్లు రెండు చోట్ల నుంచి తీసింది. ఆక్సిజన్ కొలిచింది. నీళ్లలో గ్లైకాల్ కలిస్తే దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయని, అప్పుడు ఆక్సిజన్ పడిపోయి నీళ్లు మసకబారతాయని చెప్పింది. ఆక్సిజన్ మామూలుగానే ఉంది. కానీ చిన్న చిల్లి అయితే ఇంకా తెలియకపోవచ్చునని కూడా అంది. ఖాయంగా తెలియాలంటే రేకుల పెట్టెని రెండు వైపులా వాల్వులు మూసి, లోపల ఒత్తిడి పెట్టి, గేజు ముల్లు దిగుతుందో లేదో అరగంట చూడాలి. ఆ అరగంటా చలువ ఆగిపోతుంది. దానికి మేనేజరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ ఒక్క పని బుచ్చన్న తనంతట తాను చేసుకోలేకపోయింది అందుకే.

మేనేజరుని అక్కడ అందరూ ముదీర్ అంటారు. సుజిత ఫోను చేస్తే రెండు నిమిషాల్లో వచ్చాడు. ఆమె ఇంగ్లీషులో చెబుతున్నంతసేపూ బుచ్చన్న వైపు తిరిగి చూడలేదు. కాగితం మీద సంతకం పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

బుచ్చన్న వాల్వులు మూశాడు. ఒత్తిడి మూడు బార్ల దగ్గరికి తెచ్చి చేయి తీశాడు. సాయానికి వచ్చిన ఇష్తియాక్‌తో కలిపి నలుగురూ గేజు చుట్టూ చేరారు. ఇష్తియాక్ ఫోనులో టైమరు పెట్టాడు. అయిదు నిమిషాలకి ముల్లు కదిలినట్టనిపించి బుచ్చన్న వేలు పెట్టి చూపించాడు. అది తన తల వంగడం వల్లేనని, ముల్లు అక్కడే ఉందని సుజిత చూపించింది. పది నిమిషాలు. ఇరవై. అతని మెడ మీంచి కారిన చెమట చొక్కా తడిపేసింది. ముప్పయ్యో నిమిషానికి ముల్లు పెట్టిన చోటే ఉంది. రేకులకి చిల్లి లేదు.

మరి చాచాకి ఏమైంది? ముదీర్ అదే అడిగాడు. సుజితకీ చప్పున తోచలేదు. గుహ లోపల చూడాలంటే రాళ్లు తీయాలి, రాళ్లు తీస్తే చేప బెదురుతుంది. బుచ్చన్న దగ్గర ఏసీ గొట్టాల లోపల చూసే కెమెరా ఉంది, పొడుగాటి తీగ చివర చిన్న కన్నులాంటిది. నీళ్లలో పనిచేస్తుందా అని ఆమె అడిగింది. చేస్తుందన్నాడు. తీగని మంచినీళ్లతో కడిగి, మెల్లగా గుహలోకి జార్చారు. చిన్న తెర మీద ముందు రాయి, తర్వాత చారల ఒళ్లు, తర్వాత ఆ ఒళ్లు చుట్టుకుని పట్టుకున్నదేదో కనిపించింది. పెద్ద బత్తాయంత ఉండ. లేత పసుపు రంగు. ఉండ నిండా మిరియాలంత గింజలు.

“గుడ్లు” అంది సుజిత.

తర్వాత ఆమె తన పుస్తకాలూ పాత నోట్సూ తిరగేసి చెప్పింది. ఈ జాతిలో ఆడది గుడ్లు పెట్టి పక్కకి పోతుంది. మగది వాటిని చుట్టుకుని, పొదిగేదాకా నెలల తరబడి కాపలా ఉంటుంది. ఆ రోజుల్లో తిండి ముట్టదు. ఏటా అదే కాలంలో పాత పళ్లు ఊడి కొత్తవి వస్తాయి. పోయిన ఏడూ ఊడే ఉంటాయి, అప్పుడు స్ట్రెయినర్ కడిగిన మనిషి వేరు, చూడకుండా పారబోసి ఉంటాడు. బుచ్చన్న గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఇష్తియాక్ నీళ్ల బాటిల్ తెచ్చి చేతిలో పెట్టాడు.

గ్లైకాల్ ఎటు పోతోందో మధ్యాహ్నానికి దొరికింది. గ్లైకాల్ పంపు ఇరుసు దగ్గర కారకుండా ఆపే సీలు అరిగి, చుక్క చుక్కగా, చలువ పోకుండా గొట్టానికి చుట్టిన దళసరి చుట్టలోకి ఇంకిపోతోంది. చుట్ట కోస్తే నానిన స్పంజిలా గ్లైకాల్ కారింది.

సాయంత్రం ముదీర్ పిలిపించాడు. గుడ్ల సంగతికి అతను సంతోషంగానే ఉన్నాడు. ఈ ఎడారి దేశంలో తోడేలు చేపలు గుడ్లు పెట్టాయంటే చిన్న విషయం కాదన్నాడు. అయినా బుక్‌లో అబద్ధం రాయడం వేరే సంగతన్నాడు. అరబ్బీలో ఒక వార్నింగు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని అందులో ఉందట. అది పెట్టాక సెలవు గురించి చెప్పాడు. ఆ చిల్లర్ గుట్టు తెలిసిన మనిషి వేరే లేడు, గుడ్లు పొదిగేదాకా బుచ్చన్న కదలడానికి లేదు. ఫిబ్రవరి అనుకోవచ్చన్నాడు.

ఆ సంగతి చిన్నవ్వకి చెప్పడానికి బుచ్చన్నకి రెండు రోజులు పట్టింది. ఆమె తిట్టలేదు. చేతిలో ఉన్న బీడీ చుట్టి చేటలో వేసింది.

“ఫిబ్రవరిదాంక నేనాగలేనయ్యా. నొప్పికి తట్టుకోలేకపోతున్న. అక్కను తోలుకొని పోత.”

“పో” అన్నాడు.

కొత్త సీలు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. స్టాండ్‌బై పంపు ఎండాకాలంలో రిపేరుకి పోయి ఇంకా తిరిగి రాలేదు. కాబట్టి ఉన్న పంపునే ఆపి, విప్పి, సీలు మార్చి మళ్లీ నడపాలి. ఆ తొమ్మిది రోజులూ బుచ్చన్న పొద్దునా సాయంత్రం గ్లైకాల్ పోసి, ఎంత పోసిందీ అంకె వేసి రాశాడు. కారడం రోజురోజుకీ పెరుగుతోంది.

శుక్రవారం జుమా నమాజు అయ్యేదాకా మాల్ తెరవరు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాలని నిర్ణయించారు. నాలుగు గంటల పని. చలువ ఆగితే నీళ్లు గంటకి అర డిగ్రీకి పైగా వేడెక్కుతాయని సుజిత లెక్క. ఎనిమిది దాకా గుడ్లకి ఫరవాలేదు, పది దాటితే ఏమవుతుందో తనకి తెలియదని ఒప్పుకుంది. అందుకని బుచ్చన్న ముందు రోజే నీళ్లని మెల్లగా నాలుగున్నరకి దించాడు. వంటగది ఫ్రీజర్లో నూటయాభై నీళ్ల బాటిళ్లు గడ్డకట్టించారు. ఐసు విడిగా వేస్తే కరిగి ఉప్పు పలచబడుతుంది, అందుకని బాటిళ్లతోనే వేయాలి.

ఆరింటికి పంపు ఆపాడు. ఒక్కసారిగా గది నిశ్శబ్దమైంది. ఏడాదిన్నరగా ఆగకుండా విన్న చప్పుడు అది. సుజిత థర్మామీటరు దగ్గర నిలబడి అంకె చెప్పింది. నాలుగు పాయింట్ ఆరు.

మోటారు విడదీయడం అరగంటలో అయిపోయింది. లోపలి ఫ్యాను బిగించిన నట్టు దగ్గర చిక్కొచ్చింది. తుప్పు పట్టి ఇరుసుతో కలిసిపోయింది. నూనె పోశాడు, వేడి చేశాడు, పానాకి గొట్టం తగిలించి తిప్పాడు. ఎనిమిదిన్నరకి నట్టు కదిలింది, కానీ ఫ్యాను ఇరుసు మీంచి ఊడి రాలేదు. పుల్లర్ అనే పరికరంతో లాగాలి. బుచ్చన్న దగ్గరున్న పుల్లర్ కాలు ఆ లాగుడుకి విరిగిపోయింది.

“ఆరు పాయింట్ నాలుగు” అంది సుజిత.

సుత్తితో కొడితే ఇరుసు వంగుతుంది. ఇరుసు వంగితే ఇక పంపు లేనట్టే. ఇష్తియాక్ కారు తాళాలు తీసుకుని పరుగెత్తాడు. దగ్గర్లోని తుక్బా వాడలో గ్యారేజీలన్నీ శుక్రవారం పొద్దున మూసి ఉంటాయి. తన ఊరివాడొకడు గ్యారేజీ మీదనే గదిలో ఉంటాడు, లేపి తెస్తానని ఫోనులో చెప్పాడు. బుచ్చన్న చేసేదేమీ లేదు. తిండి పెట్టే కుర్రాళ్లతో కలిసి బాటిళ్లు నీళ్లలోకి దింపాడు, కరిగినవి తీశాడు. చాచా ఉన్న గుహకి దూరంగా వేయమని సుజిత చెప్పింది. ఏడు పాయింట్ మూడు. ఏడు పాయింట్ తొమ్మిది. ఆమె చివరికి బిగ్గరగా చెప్పడం మానేసి కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. దాంతో బుచ్చన్నకి ఇంకా భయమేసింది.

“చెప్పుండ్రి మేడం. ఇనకపోతే ఇంకెక్కువ అనిపిస్తది.”

“ఎనిమిది పాయింట్ రెండు.”

పదింబావుకి ఇష్తియాక్ వచ్చాడు. చేతిలో లారీలకి వాడే పెద్ద పుల్లర్ ఉంది. కొంచెం వెడల్పే గానీ, చెక్క ముక్కలు సందులో పెట్టి పట్టించారు. ఇద్దరూ కలిసి తిప్పారు. తుపాకి పేలినట్టు చప్పుడై ఫ్యాను ఊడి వచ్చింది. ఇరుసు తిన్నగా ఉందో లేదో బుచ్చన్న వేలితో తడిమి, కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. బాగానే ఉంది. కొత్త సీలు ఎక్కించేటప్పుడు మాత్రం తొందరపడలేదు. దాని మొహం మీద చిన్న నలుసు పడినా మళ్లీ కారుతుంది. చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని ఎక్కించాడు. మిగతా వాళ్లకి ఆ నిదానం చూస్తే ప్రాణం పోయినట్టయింది. ముదీర్ వచ్చి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు.

పన్నెండుంబావుకి పంపు ఆన్ చేశాడు. మోటారు తిరిగింది, గ్లైకాల్ కదల్లేదు. గొట్టంలో గాలి చేరింది. గాలి వదిలే పిన్ను మిద్దె మీద ఉంది. బుచ్చన్న ఆ ఉక్కలో మెట్లెక్కి పరుగెత్తాడు. పిన్ను వేలు పెట్టలేనంత కాలుతోంది. చొక్కా అంచు చుట్టి తిప్పాడు. బుసబుసమని గాలి, దాని వెనక నురుగు, దాని వెనక చల్లటి గ్లైకాల్ వచ్చి మొహం మీద చిమ్మింది. కింద నుంచి ఇష్తియాక్ ఫోను చేసి, కదిలింది భాయ్ అన్నాడు.

అప్పటికి నీళ్లు తొమ్మిది పాయింట్ ఎనిమిది. గొట్టాలు చల్లబడేలోగా పది పాయింట్ ఒకటి దాకా వెళ్లి, అక్కడ పావుగంట నిలిచి, అప్పుడు దిగడం మొదలైంది. చాచా ఆ ఏడు గంటలూ గుహ వదలలేదు. కెమెరాలో చూస్తే మొప్పలు మామూలుకంటే వేగంగా ఆడుతున్నాయి, ఒళ్లు మాత్రం ఉండ చుట్టూ అలాగే బిగించి ఉంది.

గుడ్లు బతికాయో లేదో చెప్పడానికి వీల్లేదంది సుజిత. చచ్చినవి తెల్లబడతాయి, దానికి రోజులు పడుతుంది. వారం తర్వాత కెమెరాలో ఉండ మీద తెల్ల మచ్చ కనిపించింది. రెండో వారానికి మచ్చ పెరిగింది. బుచ్చన్న రోజూ డ్యూటీ ఎక్కగానే ఆమె దగ్గరికి వెళ్లి అడిగేవాడు. మూడో వారానికి దాదాపు మూడోవంతు తెల్లబడి, అక్కడితో ఆగింది. ఆ మూడోవంతు తన చేతి మీదుగానే పోయిందని అతని బాధ. పాత సీలుతో ఇంకో వారం నడిపి ఉంటే మొత్తం పోయేవని ఆమె చెప్పి చూసింది. తల ఊపేవాడు గానీ నమ్మినట్టు కనిపించేవాడు కాదు.

నవంబరులో చిన్నవ్వ ఆపరేషన్. ఆ రోజు బుచ్చన్న మిద్దె మీద చిల్లర్ పక్కన ఫోను పట్టుకుని కూర్చున్నాడు. గంటన్నర అన్నారు, రెండున్నర గంటలైనా ఎవరూ ఎత్తలేదు. సుజిత పైకి వచ్చి కాసేపు నిలబడింది. తనకి అలవాటైన ప్రార్థన పెదవుల్లోనే చెప్పుకుని కిందికి వెళ్లింది. మూడు గంటలయ్యాక చిన్నవ్వ అక్క ఫోను చేసి, బయటికి తెచ్చారని, కళ్లు తెరిచిందని చెప్పింది. మత్తులో ఉన్న చిన్నవ్వ మొహం తెర మీద చూపించింది. బుచ్చన్న ఫోను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆమె పెదవులు కదిపింది గానీ చిల్లర్ చప్పుడులో అతనికి వినబడలేదు.

ఫిబ్రవరి పద్నాలుగున పొద్దున తొమ్మిదింటికి, స్కూలు పిల్లలు రాకముందు, సుజిత ఫోను చేసి వెంటనే రమ్మంది. ఆమె గొంతు విని బుచ్చన్న చేతిలోని పానా అక్కడే పడేసి పరుగెత్తాడు. చిల్లర్ ఆగిందేమోనని దారిలో రెండుసార్లు ఫోనులో టెంపరేచర్ చూసుకున్నాడు. ఆరు పాయింట్ ఒకటి. గదిలోకి వచ్చేసరికి తొట్టి పైభాగంలో సన్నటి వెండి పోగుల్లాంటివి ఈదుతున్నాయి. ఒక్కోటి వేలి కణుపంత కూడా లేదు, పెద్ద పెద్ద కళ్లు. పెద్ద చేపలు ఎన్నడూ చేరని ఆ పై నీళ్లలో, లైటు కిందనే తిరుగుతున్నాయి. గుహలో ఉండ విచ్చిపోయి ఉంది. చాచా ఇంకా దాని పక్కనే పడుకుని ఉంది, ఒళ్లు చిక్కి చర్మం మడతలు పడింది.

ముదీర్ వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. బుచ్చన్న భుజం మీద చేయి వేసి ఒకటి తీయించుకున్నాడు కూడా. సాయంత్రం దాకా సుజితా కుర్రాళ్లూ కలిసి మెత్తటి వలతో పిల్లల్ని పట్టి వేరే చిన్న తొట్టిలో వేశారు. రెండువందల పదమూడు. ఆ చిన్న తొట్టికీ చలువ కావాలి. అందాకా గడ్డకట్టించిన బాటిళ్లతో నెట్టుకొస్తూ, బుచ్చన్న ఒక పాత కూలరు విప్పి పది రోజుల్లో దానికి వేరే యంత్రం తయారుచేశాడు. ఇప్పుడతను కనిపెట్టుకోవాల్సినవి రెండు యంత్రాలు. ఆ పది రోజుల్లో చాలా పిల్లలు చచ్చిపోయాయి. కొన్నిటికి తినడం రాలేదు, కొన్ని పుట్టడమే వంకరగా పుట్టాయి. అది ఆ రోజు నీళ్లు పది డిగ్రీలు దాటడం వల్లా అని అతనడిగితే సుజిత అబద్ధం చెప్పలేదు. అయ్యుండవచ్చు అంది.

మార్చి మొదటి వారంలో సెలవిచ్చారు. ఇష్తియాక్‌కి రెండు యంత్రాలూ వారం పాటు చూపించి, వాల్వులన్నిటికీ రంగు టేపులు అంటించి బయల్దేరాడు. కోరుట్ల బస్టాండుకి చిన్నవ్వ, స్వర్ణ వచ్చారు. చిన్నవ్వ చిక్కిపోయి ఉంది. ఆటోలో కూర్చున్నాక కొంగు కొంచెం పక్కకి జరిపి కడుపు మీది నాలుగు చిన్న మచ్చలు చూపించింది. అతను వేలితో తాకబోయి, నొప్పేమోనని చేయి వెనక్కి తీసుకున్నాడు.

“నొయ్యదు” అంది చిన్నవ్వ. కొంగు సర్దుకుని అడిగింది. “ఎన్ని బతికినయ్ ఆఖరికి?”

“పొద్దున ఫోన్ చేసిన్రు. నలభై ఆరు.”

“ఇయ్యాల్టికా?”

“ఇయ్యాల్టికి” అన్నాడు బుచ్చన్న. ఆటో మెట్‌పల్లి రోడ్డు ఎక్కింది.